అవ్వకు వినపడని బీప్

ఈ రోజు కరీంనగర్ వెళ్లి మా కారుకు వెనక పార్కింగ్ సెన్సార్లు పెట్టించాను. పోయిన నెల మెట్‌పల్లిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు. మా అవ్వకు హారన్ వినపడదు. నిన్న వాకిట్లో కారు వెనకే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను రివర్స్ చేయబోతుంటే అద్దంలో ఆమె కొంగు కనపడింది కాబట్టి సరిపోయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి అవ్వను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, కారును గోడ వైపు మెల్లగా వెనక్కి పోనిచ్చాను. బీప్ బీప్ మని గట్టిగానే మోగింది. అవ్వ నా మొహంలోకి చూసింది.

“మోగుతుందారా?”

తలూపాను.

“నాకైతే ఇనపడుతలేదు బిడ్డా. గా సాంచెల సప్పుడే ఇంకా చెవులల్ల తిరుగుతుంది” అంది.

సాంచెలంటే మరమగ్గాలు. వాటి మధ్యే కూర్చుని అవ్వ ఏళ్ల తరబడి కండెలకు నూలు చుట్టింది. ఆ మగ్గాల షెడ్డు మూతపడి కూడా చాలా కాలమైంది. చప్పుడు ఆగలేదని ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

కారుకైతే చెవులు పెట్టించాను. అవ్వ చెవుల్లో ఆ చప్పుడు తగ్గించే డాక్టరు ఎవరైనా తెలిస్తే చెప్పండి.