నిస్సార్ అహ్మద్ గురి

నిస్సార్ అహ్మద్‌ది తెనాలి. దేశం కాని దేశంలో, డార్విన్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రికి మందులూ సామాన్లూ తెప్పించే విభాగంలో చేస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. అయితే పని బాగా చేసినంత మాత్రాన ప్రమోషన్ వస్తుందని నమ్మేంత అమాయకుడు కాదు. చిక్కల్లా ఏమిటంటే, ఇక్కడ బాసు గ్రెగ్ బ్యాగు మొయ్యనివ్వడు, టీ తెచ్చిస్తే సిగ్గుపడతాడు. మరి భక్తి చూపించడం ఎలాగో తెలీక నిస్సార్ చాలాకాలం సతమతమయ్యాడు.

చివరికి దారి డిస్క్ గోల్ఫ్ రూపంలో దొరికింది. గ్రెగ్‌కి ఆ ఆటంటే ప్రాణం. శనివారం మధ్యాహ్నాలు పార్కులో పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కు విసురుకుంటూ పోయి, గొలుసులు వేలాడే ఇనప బుట్టలో పడెయ్యాలి. తక్కువ విసుర్లలో వేసినవాడిదే గెలుపు. బుట్ట దగ్గర వేసే ఆఖరి విసురుని పట్ అంటారు. నిస్సార్ దూరం బ్రహ్మాండంగా విసిరేవాడు గానీ పట్ దగ్గరికొచ్చేసరికి గురి తప్పేది. ఒకసారి అతని డిస్కు పోయి గ్రెగ్ మోకాలికి తగిలింది. గ్రెగ్ నవ్వేసి, ఇకనుంచి బెంచీ మీద కూర్చుని స్కోరు చూడమన్నాడు. బెంచీ మీద కూర్చున్నవాడికి ప్రమోషన్ ఎవరిస్తారు?

వానాకాలం వచ్చి ఆటలు ఆగాయి. నిస్సార్ ఒక బుట్ట కొని హాల్లో నిలబెట్టాడు. అతని భార్య షెహజాది గాజు సామానంతా బెడ్‌రూంలోకి మార్చేసింది.

"చుట్టాలొస్తే ఇదేంటని చెప్పమంటారు?" అనడిగింది.

"ఆఫీసు పనని చెప్పు."

మొదట వంటింటి గుమ్మంలోంచి విసిరాడు. ఫ్రిజ్‌కి సొట్ట పడింది. అప్పుడు బుద్ధొచ్చి, తప్పుదామన్నా తప్పనంత దగ్గరగా నిలబడి వెయ్యడం మొదలుపెట్టాడు. అక్కడ కుదిరాకే కాస్త వెనక్కి జరిగేవాడు. బుట్టంతా చూడకుండా గొలుసులో ఒకే ఒక్క లింకు మీద చూపు నిలిపేవాడు. వెనక కాలి మీది బరువు ముందు కాలి మీదికి తెచ్చి, మణికట్టు విదిలించి, డిస్కు వదిలాక కూడా వేళ్ళు ఆ లింకు వైపే చాచి ఉంచేవాడు. వానలు తగ్గుముఖం పట్టేసరికి, ఫోన్లో మాట్లాడుతూ వేసినా డిస్కు బుట్టలోనే పడేది.

ఎండలు రాగానే ఆఫీసు పోటీ పెట్టారు. ఆఖరి బుట్ట దగ్గరికి నిస్సార్, గ్రెగ్ సమానంగా వచ్చారు. గ్రెగ్ పట్ బుట్ట అంచుకి తగిలి కింద పడింది. ఇప్పుడు నిస్సార్ వేస్తే బాసుని ఓడించినట్టు. అంత మతిలేని పని చెయ్యకూడదని గట్టిగా అనుకుని, పక్కనున్న చెట్టు వైపు చూస్తూ చెయ్యి విసిరాడు. చూపు చెట్టు మీద నిలిస్తేగా! ఎప్పుడు జారిందో ఆ లింకు మీదికే జారింది. గొలుసులు ఘల్లుమన్నాయి.

ఇంక ప్రమోషన్ పోయినట్టేననుకున్నాడు నిస్సార్. గ్రెగ్ మాత్రం పరిగెత్తుకొచ్చి కావలించుకుని, ఇది తనకీ నేర్పమని బతిమాలాడు. ఆ రోజునుంచి నిస్సార్ బాసుకి గురువు. ప్రమోషన్ చేతికందినట్టేనని షెహజాదికి చెప్పాడు కూడా.

ప్రమోషన్ మాత్రం అదే విభాగంలో చేసే, జన్మలో డిస్కు ముట్టుకోని నెల్లూరు శేషాద్రికి వచ్చింది. గ్రెగ్ నిస్సార్‌ని గదిలోకి పిలిచి, అర్హత నీకే ఎక్కువుంది గానీ, నాకు ఆట నేర్పేవాడికి ఇస్తే తనవాడికి ఇచ్చుకున్నాడంటారు కదా అని బాధపడ్డాడు. ఆ సంగతి విని షెహజాది నవ్వాపుకోలేక సోఫాలో కూలబడింది. నిస్సార్ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

అయినా శనివారం పార్కుకి వెళ్ళాడు. గ్రెగ్ ఎప్పటిలాగే దూరంనుంచి విసిరి తప్పాడు. ఇన్నాళ్ళూ "గుడ్ ట్రై" అంటూ వచ్చిన నిస్సార్‌కి, ఇక ఆశపడాల్సిందేమీ లేదని గుర్తొచ్చి గొంతు దానంతటదే లేచింది. అలా వేస్తే నీకు జన్మలో రాదని మొహం మీదే చెప్పి, బుట్ట పక్కకొచ్చి నిలబడమన్నాడు.

గ్రెగ్ బుద్ధిగా వచ్చి నిలబడ్డాడు.