కుళాయి కాడ చదివిన కథ

నా చిన్నప్పుడు ఉరవకొండలో మా వీధికంతా ఒకటే కుళాయి. నీళ్ళు ఏ వేళకు వస్తాయో ఎవరికీ తెలియదు కాబట్టి బిందెలు పొద్దున్నే వరుసలో కూర్చునేవి. వాటికి కాపలా పిల్లలం. మేము ఊరికే కూర్చోవడం చూసి, బట్టలు కుట్టే మా పక్కింటి అక్క పాత బిస్కెట్ల రేకు డబ్బాను కుళాయి పక్క గోడకు కట్టి, అందులో కథల పుస్తకాలు పెట్టింది. ఎవరైనా తీసుకోవచ్చు. చదివి మళ్ళీ అందులోనే పెట్టాలి.

ఆ డబ్బా పెట్టింది నేనేనని మా వీధిలో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. ఇన్నేళ్ళూ నేను కాదనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఒకరోజు నేను కథలో మునిగిపోయి ఉంటే, వెనకవాళ్ళు ఎదురింటి అవ్వ బిందెను దాటుకుని ముందుకు పోయారు. దానికీ నేనే కాపలా. అవ్వ అక్క మీద విరుచుకుపడింది. "ఏమ్మే, నీ పుస్తకాలు పిండుకుని తాగల్లా? రేపు నీళ్ళొచ్చేలోపల ఆ డబ్బా పీకకపోతే నేనే పీకి పారేస్తా!" మిగతా ఆడవాళ్ళూ అవ్వ వైపే నిలిచారు.

మరునాడు అక్క డబ్బా విప్పడానికే వచ్చినట్టు వచ్చింది. "తీసేస్తాలే అవ్వా. వీడు ఈ ఒక్క కథ చదివేసినాక," అంది. నా చెవిలో మాత్రం, "గట్టిగా చదువు. నీళ్ళు రాకముందే కథ అయిపోగొట్టినావో, చూడు నీ పని!" అంది.

ఆ కథలో ఒక దొంగ ధాన్యం గాదెలో దాక్కుంటాడు. గింజల కోసం ఇంటి కోడలు చేట పట్టుకుని వస్తుంది. నేను ఒక్కో మాటా సాగదీసి చదివాను. మాటలాడుకుంటున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు. "దుమ్ముకు వానికి తుమ్మొస్తే ఎట్లప్పా?" అని అడిగింది ఎవరో కాదు, అవ్వే.

అంతలో కుళాయి బుసకొట్టి నీళ్ళొచ్చాయి. ముందున్నామె బిందె నిండి పొర్లిపోతున్నా ఆమె తల మా వైపే ఉంది. అవ్వ వంతు వచ్చేసరికి కోడలు గాదె మూత మీద చెయ్యి వేసింది. అవ్వ తన బిందెను ఈడ్చుకుంటూ వరుస చివరికి పోయింది.

"మీరు పట్టుకోండప్పా. ఒరేయ్, వాడు దొరికినాడా లేదా, ముందు అది చెప్పు!"

కుళాయి దగ్గర వంతు వదులుకున్న మనిషిని మా వీధి అంతవరకు చూడలేదు.

"డబ్బా విప్పేదా అవ్వా?" అంది అక్క నవ్వాపుకుంటూ.

"విప్పి చూడు, చేతులు విరగ్గొడతా!"

వీధికి నా గొంతు గుర్తుండిపోయింది. డబ్బా కట్టిన చేతులను మరిచిపోయింది. మొన్న కుర్రవాళ్ళు అక్కడే అద్దాల తలుపుతో కొత్త పుస్తకాల పెట్టె పెట్టి, దాని మీద నా పేరు రాయించారు. సిగ్గేసి, బుక్కరాయసముద్రంలో ఉంటున్న అక్క దగ్గరికి పోయి, సంగతంతా చెప్పాను. ఆమె కుట్టుమిషను ఆపకుండానే, "పేరుదేముందిలేప్పా. ఆడ ఎవరన్నా గట్టిగా చదువుతాండారా?" అని అడిగింది.

ఎవరూ చదవడం లేదని చెప్పి వచ్చాను.

పెట్టె మీద నా పేరు తుడిపించి అక్క పేరు రాయించాను. ఆదివారాలు దాని పక్కనే కూర్చుని పైకి చదువుతున్నాను. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆగుతాను. కూరగాయల సంచితో పోతున్నవాళ్ళెవరో నిలబడి, "ఊఁ, ఆ తర్వాత?" అనేదాకా పేజీ తిప్పను.