చేదు దోసకాయకు నేను అంటగట్టిన వైద్యం

నా పాండిత్యం గిన్నెడు పప్పునూ ఒక వీధి ఆడవాళ్ల మధ్యాహ్న భోజనాన్నీ ఎలా తగలేసిందో చెబుతాను. నవ్వుకోండి, నాకిప్పుడు సిగ్గు పోయింది.

తొంభైల చివరి మాట. పోషకాహారంలో డిగ్రీ పుచ్చుకుని బెజవాడలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. వంటింట్లో వృథా తగ్గించమని గృహిణులకు బోధించడం నా ఉద్యోగం. అప్పటికి నాకు అన్నం వార్చడమైనా రాదు. సంస్థవాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

మొదటి పాఠం భవానీపురంలో, మెహరున్నీసాగారింట్లో. ఆవిడ భర్త ఆటోనగర్‌లో మెకానిక్కు. వీధిలో ఆడవాళ్లందరినీ ఆవిడే పిలిచి చాపలు పరిచారు. బలమంతా తొక్కలోనే ఉందని, మెతుకు పారేసినా పాపమేనని గంటసేపు చార్టులు చూపించాను. బీరపొట్టు పచ్చడి నూరుకుంటూ పెరిగిన ఆ తల్లులు, అప్పుడే వింటున్నట్టు తలలూపారు. ఆ మర్యాదకు మరీ ఉబ్బిపోయి, దోసకాయలు తొక్కతోనే తరిగి పప్పులో వేయడానికి కూర్చున్నాను.

"చేదు చూశారాండీ?" అని మెహరున్నీసాగారు మెల్లగా అడిగారు.

"చేదన్నది మన అపోహండీ," అన్నాను. ఆ ముక్క ఏ పుస్తకంలోనూ లేదు.

పప్పు ఉడికింది. అన్నంలో కలిపి మొదటి ముద్ద నేనే తిన్నాను. నాలుకే కాదు, చెవులు కూడా చేదెక్కాయి. అందరూ నా మొహమే చూస్తున్నారు. పారేద్దామనడానికి నోరెలా వస్తుంది? మింగి, నవ్వి, ఈ చేదు షుగరుకు దివ్యంగా పనిచేస్తుందని చెప్పేశాను.

ఆడవాళ్లెవరూ ముట్టుకోలేదు. లోపలి గదిలోంచి మెహరున్నీసాగారి మామగారు మాత్రం వచ్చారు. ఆయనకు చాలా ఏళ్లుగా షుగరు. చదువుకున్న పిల్ల చెప్పిందిగదా అని కంచం నిండా పెట్టించుకున్నారు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా రెండు ముద్దలు తిని, ఇక మాత్రలు మానేయవచ్చా అని ఎంతో నమ్మకంగా అడిగారు.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఆయన ముందున్న కంచం లాగేసుకున్నాను.

"మాత్రలు మానకండి తాతగారూ. ఇది షుగరుకేం పనిచేయదు. కాయ రుచి చూడకుండా వేశాను, అబద్ధం చెప్పాను."

ఆయన తీరిగ్గా గ్లాసుడు నీళ్లు తాగి, కోడలివైపు తిరిగారు.

"ఈ అమ్మాయికి కాస్త అన్నం పెట్టమ్మా. ఇన్నాళ్లూ పుస్తకాలే తిన్నట్టుంది."

ఆ నవ్వులు కృష్ణ అవతలి ఒడ్డుకు వినిపించి ఉంటాయి. గృహిణుల్లో అవగాహన బాగా పెరిగిందని ఆ నెల రిపోర్టులో రాశాను. పెరిగింది మరి, నా గురించి.

కనుక సర్వజనులకూ తెలియజేయడమేమనగా: ఇకమీదట ఎవరి వంటింట్లోనైనా సరే, ముందు కాయ కొరుకుతాను, ఆ తర్వాతే నోరు విప్పుతాను.