ఏదైనా పట్టే అర

ఏం ఉద్యోగమని కోరుట్లలో ఎవరడిగినా స్రవంతి "కంప్యూటర్ల గోదాం పని" అనేస్తుంది. ఒక రకంగా అంతే మరి. హైదరాబాద్ కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ ముక్కలన్నీ దాచే చోటును ఇంట్లో కూర్చుని చూసుకుంటుంది. జావా ముక్కలకు మావెన్ అర, కంటైనర్లనే సాఫ్ట్‌వేర్ మూటలకు డాకర్ అర, ఇలా దేని పద్ధతి దానిది. ఇవి కాక ఏది పడేసినా పట్టే "రా" అర, అంటే పచ్చి సరుకు అర, ఒకటుంది. అది వెర్షన్ నంబరు అడగదు. అదే పేరుతో కొత్తది పెడితే పాతది మాయం. అందుకే అందరికీ అదే ముద్దు!

మేనేజర్ ప్రేమ్‌కుమార్‌ది ఎప్పుడూ ఒకటే మాట: "ఇప్పటికి 'రా' అరలో పెట్టెయ్యమ్మా, తర్వాత చూద్దాం." ఆ తర్వాత అనే రోజు ఏ క్యాలెండర్‌లోనూ లేదు. స్రవంతీ ఎన్నడూ కాదనలేదు. పాడైనప్పుడు ఫోన్ మాత్రం ఆమెకే. సిరిసిల్లలో అక్క ఇంటికి పోయినా ల్యాప్‌టాప్ వెంటే. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన భర్త దివాకర్‌తో ఒక్క పూటన్నా కుదురుగా అన్నం తిన్నది లేదు. ప్రాణం విసిగిపోయింది.

ఇవాళ అతని తిరుగు ప్రయాణం. బస్టాండుకు వచ్చారో లేదో ఫోన్ మోగింది. ఎవరో 'రా' అరలో బిల్లింగ్ ముక్క కొత్తది అదే పేరుతో పెట్టారట. దాన్ని వాడే దుకాణాల్లో బిల్లులు ఆగిపోయాయి. పాతది ఆమె ల్యాప్‌టాప్‌లోనే మిగిలింది.

"'రా'లోనే పెట్టెయ్యమ్మా, నిమిషం పని," అన్నాడు ప్రేమ్‌కుమార్.

నిమిషం పనే. రేపు దాని మీద ఇంకెవరో ఇంకోటి పెడతారు, మళ్లీ ఫోన్. మావెన్ అరలో అయితే ఒక నంబరుతో పెట్టినదాన్ని ఎవరూ మార్చలేరు. కానీ దాన్ని వాడుకునే ప్రోగ్రాములన్నింటిలో చిరునామా మార్చాలి. ఇంతలో హైదరాబాద్ బస్సు వచ్చేసింది.

దివాకర్ ఆమె ముఖం చూశాడు. "ఏంది, మల్ల గదేనా?"

"గదే. ఇయ్యాల సక్కగ చేస్తే మల్ల పిలువరు. జర సేపు పడ్తది."

"చెయ్యి మరి. నేను పోత."

"కాదు సార్, మావెన్లనే పెడ్త," అంది ఫోన్‌లో. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. బెంచీ మీద తల వంచుకుని చిరునామాలు మారుస్తుంటే బస్సు కదిలింది. కిటికీలోంచి అతను చెయ్యి ఊపాడు. ఆమె ఒక చెయ్యి ఎత్తింది, రెండోది కీబోర్డు మీదే ఉంది.

పని ముగిసేసరికి అతనే ఫోన్ చేశాడు. "అయిందా?"

"అయింది. ఇగ దాన్నెవ్వలు చెరుపలేరు."

"మంచిగైంది. అవ్ గని, సంచిల సర్వపిండి కనవడ్తలేదు. యాడ పెట్టినవ్?"

స్రవంతి పక్కకు చూసింది. పొద్దున్నే లేచి అతని కోసం చేసిన సర్వపిండి డబ్బా బెంచీ మీదే ఉంది. ఏడుపు ఆగలేదు.