ఫోర్కు వెనక దాచిన బ్రేకు

పోయిన నెల కళ్ళ పరీక్షకు నెల్లూరు వెళ్ళి తిరిగి వస్తుంటే మనుబోలు దగ్గర బస్సు టైరు పంక్చరై ఆగిపోయింది. డ్రైవరు చక్రం మార్చేదాకా ఏం చేస్తాం అని దిగి టీ కొట్టు నీడలో నిలబడ్డాను. అంతలో మద్రాసు వైపు నుంచి నడివయసు మనిషి ఒకాయన పందెం సైకిలు మీద వచ్చి ఆగి, గోడకు ఆనిస్తే గీతలు పడతాయనుకున్నాడో ఏమో, కాస్త పట్టుకోమని సైకిలు నా చేతికిచ్చి నీళ్ళ సీసా కొనడానికి లోపలికి పోయాడు. ముప్పై ఏళ్ళకు పైగా కోట అనే ఊళ్ళో సైకిలు షాపు నడిపిన చేతులు కదా, ఊరికే ఉండవు. నా ప్రమేయం లేకుండానే వేళ్ళు హ్యాండిలు కింద బ్రేకు వైరు కోసం తడిమాయి. వైరు బయట ఎక్కడా లేదు. హ్యాండిల్లో దూరి, లోపల్లోపలే పోయి, ఎక్కడ తేలిందో కూడా తెలియనంత నాజూకుగా ఉంది పని. చక్రం కొంచెం ఎత్తి తిప్పితే ఆగకుండా అలా తిరుగుతూనే ఉంది. ఇంకొకరైతే మెచ్చుకునేవారు. నేను మాత్రం అరచేత్తో చక్రాన్ని ఆపేశాను.

మాది సముద్రాన్ని నమ్ముకున్న కుటుంబం. పడవెక్కితే చాలు నాకు వాంతులయ్యేవి, అందువల్ల మా నాయన నన్ను చిన్నతనంలోనే కోటలో ఒక సైకిలు మేస్త్రీ దగ్గర పనికి పెట్టాడు. మా అక్కను మాత్రం ఊళ్ళోనే ఇచ్చారు. బావ చేపల వేటకు పోయేవాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల రోజూ రేవు దగ్గరి ఊరి నుంచి కోటలో కాలేజీకి సైకిలు మీద వచ్చేది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన పాత సైకిలది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు తూర్పు నుంచి సముద్రపు గాలి మొహాన కొడుతుంటే, మోపెడ్ల మీద పోయేవాళ్ళు కూడా ఒళ్ళు ముడుచుకునేవాళ్ళు, మా మేనకోడలు మాత్రం తల వంచుకుని వాళ్ళను దాటేసి పోయేది. అది చూసిన కాలేజీ డ్రిల్లు మాస్టారు ఆమెను నెల్లూరులో సైకిలు పందేలు నేర్పే కోచ్ గారికి చూపించారు. ఏడాది తిరిగేసరికి జిల్లాలో ఆ పిల్లను మించినవాళ్ళు లేరు.

ఆమె పాల్గొనేది టైమ్ ట్రయల్ అనే పందెంలో. అందరూ గుంపుగా పోరు. నిమిషానికి ఒకరిని వదులుతారు, ఎవరి దోవ వారిది, గడియారమే పోటీ. ముందు ఎవరూ ఉండరు కాబట్టి గాలినంతా తనే చీల్చుకుంటూ పోవాలి. అందుకే ఆ సైకిళ్ళలో ప్రతి భాగమూ గాలికి అడ్డు తగలకుండా ఉండాలని చూస్తారు. కోచ్ గారు మద్రాసులో ఎవరో తొక్కి వదిలేసిన సైకిలు ఒకటి తెచ్చిచ్చారు. మంచిదే, కానీ పాత తరహాది. ముందు బ్రేకు, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కుకు ఎదురుగా, ఎండ్రకాయ డెక్కల్లా పొడుచుకుని ఉండేది. బ్రేకు వైర్లు హ్యాండిలు ముందు పెద్ద చుట్టలు చుట్టుకుని గాలికి ఊగుతుండేవి. రాష్ట్ర జట్టుకు ఇద్దరిని ఎంపిక చేసే పందెం మనుబోలు నుంచి నెల్లూరు వైపు హైవే మీద జరుగుతుందని తెలిసినప్పుడు, కోచ్ గారు ఆ వైర్లను చూపించి, వీటివల్లే కొన్ని సెకన్లు పోతాయని అన్నారు. ఆయన యథాలాపంగా అన్నమాటే. నేను మాత్రం దాన్ని పట్టుకున్నాను.

వారం రోజులు షాపులో మిగతా పనులన్నీ పక్కన పెట్టాను. ముందు బ్రేకును విప్పి ఫోర్కు వెనక్కు మార్చాను. అక్కడ ఇరుకుగా ఉందని వదిలాక బ్రేకును వెనక్కు లాగే స్ప్రింగును అరగదీసి పలచన చేశాను. వైరును హ్యాండిలు గొట్టం లోపలికి దించి, ఫోర్కు కింద నుంచి వెనక్కు తీశాను. ఎదురుగా నిలబడి చూస్తే బ్రేకు లేదు, వైరు లేదు, సన్నటి కత్తిలాగా చక్రం ఒక్కటే కనిపించేది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నాకు అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఏ పని మీదా అంత గర్వం కలగలేదు. ఒక్కచోట మాత్రం, ఫోర్కు కింద నుంచి బ్రేకు దగ్గరికి వచ్చేచోట, వైరు మోచెయ్యి మడిచినట్టు బాగా వంగాల్సి వచ్చింది. కొంచెం పొడుగు వైరు వేసి వంపు పెద్దది చేస్తే సరిపోయేది. కానీ అప్పుడు వైరు పక్కకు కనిపిస్తుంది.

పందేనికి రెండు రోజుల ముందు ఆ పిల్ల తొక్కి చూసి వచ్చి, దిగకుండానే బ్రేకు పట్టి వదులుతూ చెప్పింది.

"మామా, బ్రేకు పడతా ఉండాది గానీ ఎంటనే వదలడంలా."

"కొత్త వైరు గదా, నాలుగు సార్లు తొక్కితే అదే సర్దుకుంటాది."

"ఒకసారి చూడు మామా."

"చూశాలే. నువ్వు తొక్కేది చూసుకో, ఇది నాకొదిలెయ్."

నేను చూడలేదు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడికి పందొమ్మిదేళ్ళ పిల్ల చెప్పేదేమిటి అనుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ పందెం మీదే ఆమె ముందు దారి ఆధారపడి ఉంది. బావ చెడ్డవాడు కాడు, కానీ ఏడాదిపాటు ఆడపిల్ల రోడ్ల మీద తిరగడాన్ని ఊళ్ళో నలుగురి మాటలు పడుతూ ఓర్చుకున్నాడు. ఈసారి ఎంపికైతే తొక్కనిస్తాను, కాకపోతే రొయ్యల ఫ్యాక్టరీలో పనికి చేరాల్సిందే అని ముందే చెప్పేశాడు.

పందెం ఉదయాన్నే మొదలుకావాల్సింది, అధికారులు రావడం ఆలస్యమై ఎండెక్కింది, దక్షిణపు గాలి లేచింది. నెల్లూరు వైపు పది కిలోమీటర్లు పోయి, అక్కడ వెనక్కు తిరిగి రావాలి. పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది. తిరుగుముఖంలో అదే గాలి ఎదురు. సగం దూరానికి అందరికంటే మా పిల్లే ముందుందని ఎవరో ఫోనులో చెప్పగానే బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది.

తిరిగి వస్తున్నప్పుడు దూరం నుంచే చూశాను. తల వేలాడేసి, ఒళ్ళంతా ఊపుతూ, ఎత్తు ఎక్కుతున్నదానిలా తొక్కుతోంది. గీత దాటి నాలుగడుగుల్లోనే సైకిలు నిలిచిపోయింది. ఆమె దిగి రోడ్డు పక్కన గడ్డిలో కూలబడి వాంతి చేసుకుంది. అక్క నీళ్ళు పట్టుకుని పరుగెత్తింది. నేను సైకిలు పట్టుకున్నాను. పక్కకు తీసుకుపోదామని నెడితే బరువుగా వచ్చింది. ముందు చక్రం ఎత్తి తిప్పాను, సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. రిమ్ము మీద వేలు పెడితే చురుక్కుమంది. వెనక్కు తిరిగేచోట ఆమె వేసిన బ్రేకు మళ్ళీ పూర్తిగా వదల్లేదు. ఆ వంపు దగ్గర వైరు పట్టేసింది, నేను అరగదీసిన స్ప్రింగుకు దాన్ని వెనక్కు లాగే బలం లేదు. పది కిలోమీటర్లు ఆ పిల్ల గాలితోపాటు నా పనితనాన్ని కూడా ఈడ్చుకుంటూ వచ్చింది. గాలి హోరులో రబ్బరు రాపిడి వినపడి ఉండదు. బరువంతా ఎదురుగాలిదే అనుకుని ఉంటుంది.

బొటనవేలితో బ్రేకును నెట్టాను. టక్కుమని విడిపోయింది. చుట్టూ చూశాను, ఎవరూ నన్ను గమనించడం లేదు.

పదకొండు సెకన్ల తేడాతో ఆమె మూడోదయింది, తీసుకునేది ఇద్దరినే. కోచ్ గారు కాగితం చూసుకుంటూ వచ్చి, మొదటి సగం బాగుంది, రెండో సగానికి కాళ్ళలో సత్తువ చాలలేదు అన్నారు. బావ తల పంకించాడు. ఆ పిల్ల గడ్డిలో కూర్చునే తలెత్తి నావైపు చూసింది.

"ఉండే బలమంతా పెట్టినా మామా. ఎంత తొక్కినా రాలా."

చెప్పాల్సిన క్షణం అదే. కోచ్ గారు అక్కడే ఉన్నారు, అధికారులు ఇంకా వెళ్ళలేదు, చక్రం ఇంకా చల్లారలేదు. నేను "గాలి ఎక్కువగా ఉండింది లేమ్మా" అన్నాను.

మర్నాడు షాపులో పొడుగు వైరు వేసి, వంపు పెద్దది చేసి, కొత్త స్ప్రింగు పెట్టాను. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. ఆమె వస్తే చెబుదామనుకున్నాను, రాలేదు. వారం తర్వాత కోచ్ గారు వచ్చి సైకిలు తీసుకుపోయి వేరే ఎవరికో ఇచ్చారు. అది బాగా పరుగెత్తిందని తర్వాత విన్నాను. మా పిల్ల రొయ్యల ఫ్యాక్టరీలో చేరింది. రోజంతా తడి నేల మీద నిలబడే ఉద్యోగం. కష్టపడి పైకొచ్చి సూపర్‌వైజరు అయింది, కోటలోనే కాపురం పెట్టింది. ఇన్నేళ్ళలో నేను చెప్పడానికి వీలున్న రోజులు ఎన్నో వచ్చాయి. మొదట్లో పరువు పోతుందని ఆగాను, తర్వాత ఇప్పుడు చెప్పి ఏం లాభమని ఆగాను.

మనుబోలులో బస్సు ఆగడానికి రెండు రోజుల ముందు వాళ్ళింట్లో భోంచేస్తుంటే ఆమె కూతురు బడి నుంచి కాగితం తెచ్చింది. పరుగు పందేల శిక్షణకు తల్లిదండ్రుల సంతకం కావాలట. మా మేనకోడలు కాగితం చదవకుండానే, "మనింట్లో ఎవురికీ కాళ్ళల్లో అంత సత్తువ లేదు, చదువుకోపో" అంది. అప్పుడూ నోరు విప్పలేదు.

మనుబోలులో ఆ పెద్దమనిషి సైకిలు నా చేతికిచ్చిన రోజు సాయంత్రం నేను ఇంటికి పోకుండా నేరుగా వాళ్ళింటికే వెళ్ళాను. ఆమె వంటింటి గడప దగ్గర కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. నిలబడే మొత్తం చెప్పేశాను, స్ప్రింగు సంగతి, వంపు సంగతి, వేడెక్కిన రిమ్ము సంగతి. ఆమె కత్తి ఆపలేదు. అన్నీ అయిపోయాక చేతులు కడుక్కుని వచ్చింది.

"బ్రేకు పట్టేసుకునిందంటే నేనేం అనుండేదాన్ని కాదు మామా. వస్తువు గదా, పట్టుకుంటాది. ఆ పొద్దే చెప్పుంటే నాయనను బతిమాలి ఇంకో ఏడాది తొక్కుండేదాన్ని. ఇన్నేళ్ళూ నా కాళ్ళనే తిట్టుకున్నా."

ఆమె లోపలికి పోయి, గూట్లో నుంచి కూతురి బడి కాగితం వెతికి తీసి, తడి చేత్తోనే సంతకం పెట్టింది.

ఇప్పుడు ఆ హైవే మీద లారీల మధ్య పందేలు పెట్టే వీలే లేదు. నా షాపు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అక్క లేదు, బావ లేడు. ఆ పిల్ల నాతో మాట్లాడటం మానలేదు, పండగకు కబురు పెట్టింది, ఎదురైతే పలకరిస్తుంది. ఈ సంగతి చెప్పక ముందు మాత్రం ఇంట్లో మిక్సీ ఆగినా, కుట్టుమిషను మొరాయించినా ముందు నా దగ్గరికే తెచ్చేది. మొన్న ఆమె స్కూటీ మా వీధిలోంచే పోయింది. మలుపులో బ్రేకు కీచుమంది. రెండు నిమిషాల పని. నేను అరుగు మీద నుంచి సగం లేచాను. ఆమె నన్ను చూసి తల ఊపి, బజారులో మెకానిక్కు ఉండే వైపు తిరిగిపోయింది.