పేరు రాయకుండ ఎట్ల పోతవ్?

ముందు మంచి కబురు చెప్పేస్తాను, ఆపుకోవడం నా వల్ల కావడం లేదు. నాకు ఉద్యోగం వచ్చింది! ఎల్‌బీ నగర్‌లో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. బాటసింగారం మార్కెట్‌లో బత్తాయి లోడు దించే మా నాన్న, ఫోన్‌లో విషయం వినగానే పక్కన ఉన్న లారీ డ్రైవర్లందరికీ వినపడేలా అరిచాడు: "నా బిడ్డకు కంప్యూటర్ల కొలువొచ్చిందిరా!"

ఇక రెండో సంగతి. నేను దయ్యాలను నమ్మను. కర్మన్‌ఘాట్ గుడిలో మా అమ్మ కట్టించిన తాయెత్తును కూడా హాస్టల్‌కు రాగానే విప్పేసిన దాన్ని. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో నేను, స్వరూప కలిసి ప్రాజెక్ట్ చేశాం. ఇద్దరిదీ నల్గొండ వైపే, హాస్టల్లో ఒకటే గది. ప్రాజెక్ట్ ఏమిటంటే, ఒక స్కూలుకు అడ్మిషన్ పేజీ. పేజీని తయారుచేసి పంపే సర్వర్ పని నాది. అది బ్రౌజర్‌లోకి వచ్చాక దానికి ప్రాణం పోసే స్క్రిప్ట్ పని స్వరూపది. ఫారంలో పేరు ఖాళీగా వదిలి బటన్ నొక్కితే తెర మీద ఒక చిన్న అలర్ట్ వస్తుంది కదా, అలాంటివన్నీ ఆమె రాసేది.

అందరూ అక్కడ ఇంగ్లిష్‌లో ఒక ముక్క రాసి ఊరుకుంటారు. స్వరూప మాత్రం, "పేరు రాయకుండ ఎట్ల పోతవ్?" అని రాసింది.

మా సార్ అది చూసి క్లాసు మొత్తం ముందు నవ్వారు. "ఇదేం భాషమ్మా? ఇది వెబ్‌సైటా, మీ ఊరి బస్టాండా?"

"పేరు లేకుండ పంపితే పేజీకి గూడ కోపమొస్తది సార్" అంది స్వరూప.

అయినా సార్ ఊరుకోలేదు. దగ్గర నిలబడి ఆ వాక్యం తీయించి, ఇంగ్లిష్ పెట్టించారు. నేను పక్కనే ఉన్నాను. తీసేయడం నా కళ్లతో చూశాను.

తర్వాతి నెలలో స్వరూపకు డెంగీ వచ్చింది. తొమ్మిది రోజులు దవాఖానలో ఉంది. తిరిగి రాలేదు.

ఆమె అంత్యక్రియలకని ఊరికి పోయి నేను వచ్చేసరికి, పేజీ అడుగున మేం రాసుకున్న మా ఇద్దరి పేర్లు లేవు. సార్ పేరు ఒక్కటే ఉంది. అడిగితే, "చనిపోయిన అమ్మాయి పేరు దేనికమ్మా, మంచిది కాదు" అన్నారు. మరి నా పేరు? అంటే, క్లాసుకు టైమైందని లేచి వెళ్లిపోయారు. ఆ వారమే కంపెనీ వాళ్లు ప్రాజెక్టులు చూడటానికి వస్తున్నారు. పేజీ మీద పేరున్న వాళ్లనే ఇంటర్వ్యూకు పిలుస్తారు. సార్ కూడా ఆ ఉద్యోగానికే ప్రయత్నిస్తున్నారని అప్పుడు అర్థమైంది.

పొద్దున పదకొండింటికి, ల్యాబ్ నిండా జనం ఉండగా, కంపెనీ మేడమ్ ముందు సార్ పేజీ తెరిచారు. ఫారంలో తన పేరే టైప్ చేసి బటన్ నొక్కారు.

"పేరు రాయకుండ ఎట్ల పోతవ్?"

పేరు నిండుగా కనిపిస్తూనే ఉంది. మళ్లీ నొక్కారు. మళ్లీ అదే. సర్వర్ పంపిన పేజీ మొత్తం తెరిచి వెతికారు, ఆ వాక్యం లేదు. స్క్రిప్ట్ ఫైల్లో వెతికారు, అక్కడా లేదు. చివరికి బ్రౌజర్‌లో స్క్రిప్టులే నడవకుండా ఆపేశారు. అప్పుడిక అలర్ట్ రావడానికి దారే లేదు.

వచ్చింది.

మేడమ్ పక్కనే నిలబడ్డ నన్ను చూడమన్నారు. నా పేరు టైప్ చేశాను, అదే అలర్ట్. అది చెరిపి 'స్వరూప' అని కొట్టాను. ఫారం వెళ్లిపోయింది.

"స్వరూప ఎవరు?" అన్నారు మేడమ్.

"ఇందులో సగం చేసిన మనిషి మేడమ్. మిగతా సగం నాది" అన్నాను.

"అంటే, స్టూడెంట్స్ కొంచెం హెల్ప్ చేశారు మేడమ్" అన్నారు సార్. స్క్రిప్ట్‌లో నాలుగు లైన్లు చూపించి వివరించమని మేడమ్ అడిగారు. సార్ వల్ల కాలేదు. సర్వర్ వైపు నా పని నేను గడగడా చెప్పేశాను. ఇంటర్వ్యూకు మేడమ్ నన్నే పిలిచారు. సార్ నుదుటి మీద చెమటలు చూసి నాకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే, కడుపు నిండింది.

పోయిన వారం సార్ ఫోన్ చేశారు. వేరే మనిషితో, వేరే సర్వర్ మీద ఆ పేజీని మొదటి నుంచి రాయించారట. మళ్లీ అడుగున తన పేరే పెట్టుకున్నారట. మొదటి రోజే అదే అలర్ట్.

"ఏం పెట్టావమ్మా అందులో? దండం పెడతా, తీసెయ్" అన్నారు.

"నాది సర్వర్ పని సార్. బ్రౌజర్‌ల ఒచ్చేదంతా స్వరూపది. ఆమెనే అడుగున్రి" అని ఫోన్ పెట్టేశాను.

ఆ వాక్యం ఎక్కడి నుంచి వస్తోందో నాకిప్పటికీ తెలియదు. రెండు వైపులా వెతికే చదువు నాకుంది. ఈ ఒక్కదాన్ని మాత్రం వెతకను.