గేటు మీటింగులో గ్లాసు నీళ్లు

ఈ మధ్య హైదరాబాదులో కొత్తగా వ్యాపారాలు పెట్టుకునే పిల్లల సభకు పిలిస్తే వెళ్లాను. వేదిక మీద ఒకమ్మాయి నన్ను పరిచయం చేస్తూ 'థాట్ లీడర్' అంది. నాకు నవ్వాగలేదు. మా గోదావరిఖనిలో ఆ బిరుదుకు అంత గొప్ప పేరేమీ లేదు. 'ఆమె చెప్పిందంటే నిజమే ఉంటది' అంటారు, అంతే. ఆ మాట అనిపించుకోవడానికి నాకు రెండు గేటు మీటింగులు పట్టాయి. మొదటిదాంట్లో నా పరువు బొగ్గులో కలిసింది. రెండోది తలుచుకుంటే ఇప్పటికీ మెడ నిటారుగా నిలబడుతుంది. గర్వమంటారా, గర్వమే. నాకు దాచుకోవడం రాదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం మానేసి నీళ్ల ప్లాంటు పెట్టాను. స్టార్టప్ అనే మాట అప్పటికి మా ఊరి బస్సు ఎక్కలేదు. 'కెమిస్ట్రీ మేడం నీళ్లమ్ముతుందట' అని వింతగా చెప్పుకున్నారు. గనిలో, మా మాటలో బొగ్గుబాయిలో, పనిచేసి రిటైరైన మా బాపు, నీళ్లమ్ముకుని బతకడమేమిటని ముందు మొహం ముడుచుకున్నాడు. తర్వాత ప్లాంటు ముందు కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లకు తనే సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. తమ్ముడు ట్రాలీ ఆటోలో ఇంటింటికీ క్యాన్లు వేసేవాడు.

ప్లాంటు పెట్టింది బొగ్గు కంపెనీ కాలనీ వాళ్ల కోసం కాదు. క్వార్టర్లకు గోదావరి నీళ్లు వడపోసి నల్లాల్లో వస్తాయి. కాలనీ దాటితే బస్తీల్లో బోరు నీళ్లే దిక్కు. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఈ సంగతే నలుగురికీ చెబుదామని బాపు స్నేహితుడైన యూనియన్ నాయకుణ్ని అడిగి ఒక గేటు మీటింగులో మాట్లాడే అవకాశం తీసుకున్నాను. బాయి పనివాళ్లలో బస్తీల్లో ఉండేవాళ్లు తక్కువేం కాదు.

గేటు మీటింగంటే, షిఫ్టుకు వచ్చినవాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని బాయి గేటు ముందు నిలబడి వినే సభ. కుర్చీలుండవు, దండలుండవు. సైరన్ మోగేలోపు ముగించాలి. మోగిందంటే ఎంతటి నాయకుడి మాటైనా మధ్యలో వదిలేసి లోపలికి నడుస్తారు. మస్టర్‌లో హాజరు పడకపోతే ఆ రోజు డ్యూటీ పోయినట్టే. ఇవన్నీ చిన్నప్పటి నుంచి చూసినదాన్నే. అయినా మైకు చేతికి రాగానే క్లాసురూము పూనింది. నీటి ప్రాధాన్యంతో ఎత్తుకుని, భూగర్భ జలాల పుట్టుక దగ్గరకొచ్చి, లవణాల రకాలు విడమర్చి చెప్తున్నాను. సైరన్ మోగింది. నేను 'అందువల్ల' అనేలోపు గేటు ముందు మైకు, నేను, చాయ్ బండివాడు మిగిలాం.

బాపు నన్ను స్కూటరు మీద ఇంటికి తీసుకొచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడుస్తూ అన్నాడు.

"బాయిల దిగేటోనికి అసలు ముచ్చట ముందుగాల చెప్పాలె బిడ్డా. వాని మనసు అప్పటికే సగం కిందికి దిగి ఉంటది."

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నది నేనా ఈయనా అనుకుని రెండ్రోజులు మాట్లాడలేదు. కోపం చల్లారాక చూసుకుంటే ఆ మాటలో తీసేయడానికి ఏమీ కనిపించలేదు.

ఆ ఎండాకాలమే టై కట్టుకున్న మనిషొకడు కాలనీలో దిగాడు. ఇళ్లల్లో గోడకు బిగించుకునే నీళ్ల మిషన్లు అమ్ముతాడు. అతని దగ్గర ఒక పెట్టె, దానికి వేలాడే లోహపు కడ్డీలు. ఒక గ్లాసులో నల్లా నీళ్లు, ఇంకో గ్లాసులో తన మిషన్ నీళ్లు పోసి, రెంటిలో కడ్డీలు ముంచి కరెంటు పెట్టేవాడు. చూస్తుండగానే నల్లా నీళ్లు ముదురు గోధుమ రంగుకు తిరిగి తెట్టు కట్టేవి. మిషన్ నీళ్లు మాత్రం తేటగా ఉండేవి. 'ఇన్నాళ్లూ మీరు తాగింది ఈ మురుగేనమ్మా' అనేవాడు.

మిషన్ కొనలేనివాళ్లు మా క్యాన్ల మీద పడ్డారు. ఆ కడ్డీలు మా నీళ్లలో ముంచినా రంగు మారదు మరి. తమ్ముడు సంబరపడిపోయి, అలాంటి పెట్టె తనూ ఒకటి సంపాదించుకొచ్చాడు. ఇంకో ట్రాలీ కొందామన్నాడు.

మా వెనక వరుస క్వార్టర్లో ఒకామె ఉండేది, ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్లం. ఆమె చిన్నబిడ్డకు పుట్టిన దగ్గర్నుంచి ఆయాసం. దవాఖానాల చుట్టూ తిరగని నెల లేదు. ఒకరోజు ఆ ఇంటి ముందు జనం కనబడితే వెళ్లాను. గడపలో మంచినీళ్ల కుండ ముక్కలై ఉంది. టై మనిషి చూపించిన గ్లాసు ముందు పెట్టుకుని ఆమె తలబాదుకుంటోంది.

"నా చేతులతోనే తాపిన వదినా. బిడ్డకు ఆయాసం నేనే తెచ్చిన."

ఆ రంగు నీళ్లది కాదని, కడ్డీదని, ఆయాసానికీ దీనికీ సంబంధం లేదని ఎంత చెప్పినా ఆమె చెవికెక్కలేదు. 'నా మనసు కుదుటపడాలని చెప్తున్నవు, నేను కండ్లారా చూసిన గదా' అంది. ఆ మనిషి మిషన్ అమ్ముకుంటే నాకేం బాధ లేదు. ఒక తల్లి చేతులను ఆమెకే శత్రువులు చేసి పోయాడే, అక్కడ నా రక్తం మరిగింది. కళ్లతో చూసినదాన్ని మాటలతో చెరపలేం. కళ్ల ముందే, నలుగురిలో, తిరగేసి చూపించాలి.

గేటు మీటింగులో చూపిస్తానంటే తమ్ముడు గయ్యిమన్నాడు. పుణ్యానికి వస్తున్న గిరాకీ, మనంతట మనమే పాడుచేసుకుంటామా, ప్లాంటు మూతబడితే ఎవరు దిక్కని అడిగాడు. ప్లాంటు మీద అప్పు నా పేరునే ఉంది కాబట్టి ఆ భయం నాకూ లేకపోలేదు. బాపు మాత్రం కుర్చీలోంచి లేచి, గేటు దగ్గర తాను మాట్లాడిపెడతానని చెప్పి స్కూటరు తీశాడు.

ఈసారి చెప్పాల్సినది మొదటి ముక్కలోనే చెప్పాను.

"ఇవి నేనమ్ముకునే నీళ్లు. మీ కండ్ల ముందట్నే వీటిని మురుగు చేస్త."

టిఫిన్ డబ్బాలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. మూత తీయని క్యాను తెరిచి గ్లాసు నింపాను. తమ్ముడి పెట్టెకు మైకుసెట్టు దగ్గరి కరెంటు పెట్టి కడ్డీలు ముంచాను. ప్లాంటులో లవణాలు తీసేసినవి కాబట్టి నీళ్లు తేటగానే ఉన్నాయి. కరెంటు ఆపి, చాయ్ బండివాడి దగ్గర చిటికెడు ఉప్పు తీసుకుని అందులో వేసి కలిపి, మళ్లీ పెట్టాను. నా నీళ్లు, నా పేరు అంటించుకున్న క్యాన్లోని నీళ్లు, గోధుమ రంగుకు తిరిగి తెట్టు కట్టాయి.

"ఉప్పుల మురుగున్నదా? నల్లా నీళ్లల్ల గూడ కొంచెం ఉప్పుంటది. ఉప్పుంటే నీళ్లల్ల కరెంటు పారుతది, ఇనుప కడ్డీ కరుగుతది. మీరు చూసేది దాని తుప్పు."

ముందు వరుసలో నిలబడ్డ పంపుల పనివాడు గ్లాసులోకి తొంగి చూసి, ఇది రోజూ మన పైపుల్లో కారేదే కదా అన్నాడు. గేటంతా నవ్వింది. కాలనీ నల్లా నీళ్లు కాచి చల్లార్చి తాగమని, వాళ్లకు నా క్యాను అక్కర్లేదని, బోరు నీళ్ల బస్తీలవాళ్లే నా దగ్గరకు రమ్మని చెప్పాను. చివరికి ఒక్క మాట అన్నాను.

"ఇంటికి పోయి ఆడోళ్లకు చెప్పుండ్రి. వాళ్లు పిల్లలకు మురుగు తాపలే."

మైకు తిరిగి ఇచ్చేశాను. అప్పటికి సైరన్ ఇంకా మోగలేదు. బాపు చాయ్ బండి పక్కన నిలబడి, తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ నా బిడ్డే, నా బిడ్డే అని చెప్తున్నాడు.

కాలనీ గిరాకీ తమ్ముడు భయపడ్డట్టే పడిపోయింది. ఇంకో ట్రాలీ మాట అటకెక్కింది, తమ్ముడు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. కానీ బస్తీలు మెల్లగా మా దగ్గరకొచ్చాయి. అక్కర్లేనివాళ్లకు అమ్మని మనిషి మనకెందుకు అబద్ధం చెప్తుందనుకున్నారు. ఎవరు బోరు వేసినా పరీక్ష చేయించుకోవడానికి సీసాలో నీళ్లు పట్టుకుని ప్లాంటుకు వచ్చేవారు. బడుల్లో పిలిచారు, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో పిలిచారు. పిల్లను ఏ కాలేజీలో చేర్చాలో, ఏ కుక్కరు కొనాలో కూడా నన్నే అడిగేవారు. కుక్కర్ల గురించి నాకేం తెలుసు? అయినా చెప్పేదాన్ని. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జరిగిన రోజుల్లో సమ్మె టెంటులో నీళ్ల గురించి మాట్లాడమని నన్ను లేపితే, అసలు ముచ్చటతో మొదలుపెట్టి, చప్పట్లకు ముందే కూర్చున్నాను.

రాష్ట్రం వచ్చిన రోజు కాలనీ వీధులన్నీ డప్పులు, రంగులే. ఆ సందడిలో వదిన నా చెయ్యి పట్టి తన ఇంట్లోకి లాక్కెళ్లింది. ఆయాసం పిల్ల బారెడు ఎత్తు ఎదిగి, వాకిట్లో స్నేహితురాళ్లతో ఎగురుతోంది. మందులు వాడుతూనే ఉందట, ఎగరడం మాత్రం మానదట. మూలన ఇసుక మీద కొత్త కుండ. వదిన స్టీలు గ్లాసు ముంచి నా చేతికిచ్చింది.

"ఆనాడు మా ఆయన షిఫ్టు నుంచొచ్చి నీ గేటు మాట చెప్పంగనే పోయి కుండ కొన్న వదినా. అప్పటిసంది ఏటా కొంటున్న. ఎవరొచ్చినా ఈ నీళ్లే ఇస్త. నా చేతులతోని ఇస్త."

నీళ్లమ్ముకుని బతికేదాన్ని, ఆమె నల్లా నీళ్లు గటగటా తాగేశాను. ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాను.